అల్లుడి చేప

శ్రావణ శుద్ధ తదియ, బుధవారం

పొద్దున తొట్టి మీద గుడ్డ తీసేసరికి గుడ్ల రొయ్య పొట్ట ఖాళీగా ఉంది. నిన్న సాయంత్రం దాని పొట్ట కింద ఆవాలంత గుడ్లు గుత్తిగా ఉన్నాయి. కొన్నింట్లో నల్లటి కళ్ళు కూడా కనిపించాయి. అంటే పిల్లలు బయటికొచ్చే వేళ అయిందన్నమాట. ఇవాళ గుడ్లూ లేవు, పిల్లలూ లేవు. నాచు కదిపి చూశాను. గులకరాళ్ళ సందుల్లో చూశాను. అద్దానికి ముక్కు ఆనించి, ఊపిరికి అద్దం మసకబారితే తుడుచుకుని మళ్ళీ చూశాను. పెద్ద రొయ్యలు మాత్రం ఎప్పటిలాగే నాచు గిల్లి నోట్లో పెట్టుకుంటూ తిరుగుతున్నాయి.

తొట్టి పని నాకు అప్పజెప్పాక ఇలా జరగడం ఇది మూడోసారి.

తొమ్మిదో తరగతికి వచ్చినవాళ్ళకి ఎవరి అంతస్తులో వాళ్ళకి సాక్షి తొట్టి పని వంతు వస్తుంది. తొట్టి చూసుకోవాలి, మొదటి గ్లాసు తాగాలి, చూసింది రాయాలి. మొదటి రెండూ అలవాటైపోయాయి. రాయడం మాత్రం రోజూ కొత్తగానే ఉంటుంది. చూసినదానికి సరిపోయే మాట దొరికేదాకా తొందరపడొద్దంటారు మా దమయంతి టీచరు. అందుకని కాసేపు ఆలోచించి పైన రాసిన 'ఖాళీ'ని మార్చుకుంటున్నాను. ఖాళీ అంటే ఏమీ లేకపోవడం. వెలితి అంటే ఉండాల్సింది లేకపోవడం. ఆ పొట్ట కిందా, తొట్టిలోనూ ఉన్నది వెలితి.

పంపు వేళకి వరండాలో బిందెల వరస మొదలైంది. శుద్ధి గదిలోంచి వచ్చే నీళ్ళు ముందు తొట్టిలోకి, తొట్టిలోంచి అంతస్తు కుళాయిల్లోకి వెళతాయి. రొయ్యలూ చేపా బతికి ఉన్నాయని చూసి, నేను ఒక గ్లాసు అందరి ముందూ తాగితేనే ఎవరైనా కుళాయి తిప్పుతారు. తాగాను. కొంచెం నాచు వాసన, అంతే.

"పిల్లలేవే?" అంది వరహాలమ్మ మామ్మ. మా అంతస్తుకి పెద్ద ఆవిడే.

"నాచులో దాక్కున్నాయేమో మామ్మా."

"పచ్చలైటు మాటలు నా దగ్గర చెప్పకు."

ఆవిడ చిన్నప్పుడు నీళ్ళని మీటర్లు పరీక్షించేవట. పచ్చలైటు వెలిగితే జనం తాగేవారట. ఒకరోజు లైటు వెలుగుతూనే ఉంది, ఆవిడ తమ్ముడూ ఆ భవనంలో సగం మందీ మాత్రం నిద్ర లేవలేదు. అప్పటినుంచి కాలవల మధ్య మేముండే ఈ గట్లలో ఏ గట్టు మీదా మీటరు మాట నమ్మరు. అడుగున తిరిగే ప్రాణి ఒకటీ, పైన తిరిగే ప్రాణి ఒకటీ బతికి చూపించాలి. పసిపిల్లలు తాగే నీళ్ళకైతే ఇంకో సాక్ష్యం కావాలి. తొట్టిలో పిల్లరొయ్యలు తిరుగుతూ కనిపించాలి.

వచ్చే పౌర్ణమికి తనిఖీ. మామ్మ నన్ను వదిలేసి మా కుముదక్క వైపు చూసింది. అక్కకి ఎనిమిదో నెల. పిల్లరొయ్య లేని అంతస్తులో పసిబిడ్డని ఉండనివ్వరు. తల్లినీ బిడ్డనీ తూర్పు గట్టు బాలింతల శాలకి పంపేస్తారు. బిడ్డకి ఏడాది నిండేదాకా అక్కడే. మగవాళ్ళని ఆ మెట్లు కూడా ఎక్కనివ్వరు.

అక్క వంగి బిందె ఎత్తబోయింది. నూకరాజు బావ వచ్చి ఆమె చేతిలోంచి అందుకున్నాడు.

చవితి, గురువారం

పిల్లరొయ్యలు వెంట్రుక ముక్కల్లా ఉంటాయి. తొట్టిలోంచి నీళ్ళు బయటికి లాగే గొట్టం వాటిని కూడా లాగేస్తోందేమో అనిపించింది. బడి నుంచి రాగానే పాత పంచె అంచు చింపి గొట్టం మూతికి కట్టాను. బావ పని నుంచి వస్తూ ఆగాడు. ఆయన పని శుద్ధి గదిలో నీళ్ళు వడగట్టే, ఉప్పు పట్టిన పొరలు కడగడం. సాయంత్రానికి వేళ్ళ సందులు తెల్లగా పాలిపోయి ఉంటాయి.

"ఏటి మరదలా, గొట్టానికి గోచీ కడుతున్నావా?"

"పిల్లలు ఇందులోంచే పోతున్నాయేమో అని."

ఆయన కాసేపు తొట్టి వైపు చూశాడు. "అయ్యుంటాదిలే" అని, ముడి వదులుగా ఉందని తనే మళ్ళీ గట్టిగా కట్టాడు.

అప్పుడు ఆయన చేప పైకి వచ్చింది. నీలం గౌరామి. అరచేతి వెడల్పు ఉంటుంది. ముందుకి రెండు మీసాలు చాచి, చీకట్లో గోడ తడుముకునే మనిషిలా నీళ్ళని తడుముకుంటూ తిరుగుతుంది. బావ వేలు అద్దానికి ఆనిస్తే అక్కడికి వచ్చి ఆగుతుంది.

మా గట్ల మీద పెళ్ళయ్యాక మగవాళ్ళే భార్య అంతస్తుకి వస్తారు. వస్తూ తమ అంతస్తు తొట్టిలోంచి ఒక చేపని తెచ్చి మా తొట్టిలో వదులుతారు. దాన్ని అల్లుడి చేప అంటారు. చేప ఉన్నంతకాలం ఆయన మా మనిషి. చేప చస్తే తప్పు లేదు, ఇంకోటి తెచ్చుకోవచ్చు. బతికున్నదాన్ని అంతస్తువాళ్ళు తీసేస్తే మాత్రం ఆయన్ని వెళ్ళగొట్టినట్టే. నా చిన్నప్పుడు చివరి గది ఆయన తాగొచ్చి భార్యని కొడుతున్నాడని మామ్మ ఆయన చేపని బిందెలో వేయించి గుమ్మం ముందు పెట్టించింది. ఆయన బిందె ఎత్తుకుని మెట్లు దిగిపోయాడు. మళ్ళీ రాలేదు.

పోయిన వేసవి ఎండకి మిగతా అల్లుళ్ళ చేపలన్నీ చచ్చిపోయాయి. మళ్ళీ తెచ్చుకునే ఓపిక ఎవరికీ లేకపోయింది. ఇప్పుడు పైన తిరిగే సాక్షి అంటే ఇదొక్కటే.

షష్ఠి, శనివారం

గుడ్డ కట్టినా లాభం లేదు. ఇంకో రొయ్య గుడ్లు విడిచింది. పిల్లలు లేవు.

దాక్కోవడానికి చోటు చాలడం లేదేమో అనుకుని నాచు కోసం చేపల పడవకి వెళ్ళాను. శనివారం శనివారం పైడమ్మ పడవ మా మెట్ల కిందికి వస్తుంది. ఎండకి పడవ మీది రేకు ముట్టుకుంటే కాలుతోంది. సీసాల్లో చేపలు కూడా నీరసంగా వేలాడుతున్నాయి.

"నాచు సరే, నీ తొట్టిలో ఏ చేప ఉందే?" అంది పైడమ్మ, నాచుకి బదులుగా నేను తెచ్చిన ఉప్పు మూట చేత్తో తూచి చూస్తూ.

"నీలం గౌరామి."

పైడమ్మ నవ్వింది. "ఓలమ్మో! అయితే నీ రొయ్యలు పిల్లల్ని కంటన్నాయా, మేత కంటన్నాయా?"

నాకు ఒళ్ళు మండింది. "అది మా బావ చేప" అన్నాను.

ఆమె నవ్వు ఆగిపోయింది. నాచు రెండు పిడికిళ్ళు ఎక్కువేసి నా బుట్టలో కుక్కింది. "అయితే నేనేటీ అన్లేదు. నువ్వేటీ ఇన్లేదు. పో, ఎండెక్కతంది."

మెట్లు ఎక్కుతున్నంతసేపూ కోపంగానే ఉన్నాను. పై మెట్టు మీద కూర్చుని కోపం ఎవరి మీదో వెతికాను. పైడమ్మ మీద కాదు. ఆమె మాట వినకముందే ఆ ఆలోచన నాలో ఎక్కడో ఉంది. ఎప్పుడు పైకి వచ్చినా 'అది బావ చేప' అని మళ్ళీ లోపలికి నెట్టేస్తున్నాను. గొట్టాన్ని అనుమానించాను, నాచుని అనుమానించాను, ఆఖరికి నీళ్ళని కూడా అనుమానించాను. రోజూ నేను తాగే నీళ్ళనే! అన్నింటికన్నా పెద్ద నోరున్నదాన్ని మాత్రం అనుమానించలేదు.

అష్టమి, సోమవారం

పాత లాంతరు గాజుకి రెండు పక్కలా పలచటి గుడ్డ కట్టి తొట్టిలోనే నిలబెట్టాను. కళ్ళు కనిపిస్తున్న గుడ్లున్న రొయ్యని అందులో వదిలాను. తొట్టి నీళ్ళే గుడ్డలోంచి లోపలికీ బయటికీ తిరుగుతాయి. నీళ్ళు చెడ్డవైతే అక్కడ కూడా పిల్లలు బతకవు.

గౌరామి వచ్చి గాజు చుట్టూ మీసాలతో తడిమి వెళ్ళింది.

అక్క ముక్కాలిపీట మీద కూర్చుని చూసింది. పాదాలు వాచి ఉన్నాయి. "దాన్నెందుకే జైల్లో పెట్టావు?" అంది.

"పురుడు పోయడానికి."

"బాలింతల శాలన్నమాట" అంది అక్క. నవ్వుదామనుకుంది గానీ నవ్వు రాలేదు.

ఏకాదశి, గురువారం

పుట్టాయి!

లాంతరు గాజులో, గుడ్డ మీద, నాచు పోగు మీద, ఎక్కడ చూసినా ఉన్నాయి. అద్దంలాంటి ఒళ్ళు, నలుసంత కళ్ళు. వాటికి ఎవరూ ఏమీ నేర్పలేదు, పుట్టగానే నాచు గిల్లుకుంటున్నాయి. ఈ రోజు బడిలో నేర్చుకున్న మాట 'కుదురు'. ఆ మాట వీటికే సరిపోతుందనుకున్నాను, అంత చిన్న ప్రాణానికి అంత కుదురు.

ఈ పేజీ ఇక్కడితో ఆపేస్తే ఎంత బాగుండేది.

గుడ్డ సరిచేస్తుంటే అంచు మీదుగా ఒక పిల్ల బయటికి జారిపోయింది. నీళ్ళలో నెమ్మదిగా కిందికి దిగుతోంది. గౌరామి తల తిప్పింది. తొందరేమీ పడలేదు. దగ్గరికి వచ్చి నోరు తెరిచి మూసింది. తర్వాత పైకి వెళ్ళి, ఎప్పటిలాగే ఒక గుక్క గాలి పీల్చుకుంది.

దాని మీద నాకు కోపం రాలేదు. చేప మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నే లేదు. నోట్లో పట్టేది తింటుంది.

నీళ్ళు మంచివే. రొయ్యలు మంచివే. చేప కూడా మంచిదే. ఒకదానికొకటి పొసగవు. పెద్ద తగువు ఏమీ లేదు, ఒకే తొట్టిలో ఉండలేవు, అంతే.

ద్వాదశి, శుక్రవారం

బడికి వెళ్ళాను. వచ్చాను. మొదటి గ్లాసు తాగాను. ఎవరికీ చెప్పలేదు. చాలా అలసటగా ఉంది. ఈ రోజు మాట ఏదో గుర్తు లేదు.

త్రయోదశి, శనివారం

పైడమ్మ పడవకి బావ కూడా వచ్చాడు. ఉప్పు మూట మోస్తానన్నాడు. పడవ దగ్గర నేను నోరు తెరవకముందే ఆయనే అన్నాడు: "రొయ్యలతో పొసిగే చేపలు చూపించు పైడమ్మా. పైన తిరిగేవి."

నేను ఆయన ముఖం వైపు చూశాను. ఆయన సీసాల వైపు చూస్తున్నాడు.

పైడమ్మ కూడా ఒక క్షణం తడబడింది. తర్వాత సీసాలు తీసింది. ఎర్ర తోక ఫైటర్ ఒకటి: "ఇది సూడు, పెళ్ళికూతురిలాగుంది." పెళ్ళికూతురు పక్క సీసాని చూడగానే మొప్పలు విప్పి మీదికి దూకింది. వద్దన్నాను. చారల బార్బులు ఒకదాని తోక ఒకటి కొరుక్కుంటున్నాయి. రొయ్య మీసాలు ఉండనిస్తాయా? వద్దన్నాను. గప్పీల నోరు చిన్నదే గానీ నెలకో కాన్పు. మా చిన్న తొట్టి పండగపూట పడవలా అయిపోతుంది. నాచు గీకే చేప సాధువే, కానీ అది అడుగునే ఉంటుంది. మాకు కావాల్సింది పైన తిరిగే సాక్షి.

"ఏటే, చేపకి సంబంధం చూత్తన్నావా, మీ బావకి రెండో పెళ్ళి చేత్తన్నావా?" అంది పైడమ్మ విసుగ్గా.

ఆఖరి సీసాలో బియ్యం చేపలు ఉన్నాయి. బియ్యపు గింజకి కళ్ళు పెట్టినట్టు, సన్నగా, రంగు లేకుండా ఉన్నాయి. వంగి వాటి నోళ్ళు చూశాను. నోరు పైకి తిరిగి ఉంది. నీటి మీద పడినదాన్నే అందుకుంటాయి. అడుక్కి దిగి వెతకవు. అన్నింట్లోకీ అందం లేనివి ఇవే. తీసుకున్నాను.

మెట్లు ఎక్కుతూ సగంలో బావ కూర్చుండిపోయాడు. సీసా ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నీకెప్పుడు తెలుసు బావా?"

"నీకంటే ముందే. నువ్వు గొట్టానికి గుడ్డ కట్టిన్నాటికే తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"సెప్తే ఏటి చెయ్యాలో నీకు తెల్దా?" ఆయన సీసాని వేలితో మీటాడు. "మా తొట్టిలో రొయ్యల్లేవు. నత్తలే. నత్తలతో దానికి తగువు లేదు. మా అంతస్తు మూసేసినప్పుడు తొట్టిని కాలవలో బోర్లించేసినారు. నా చేతిలో బిందె ఉంది, బిందెలో ఇదుంది. మావోళ్ళలో బతికుండి నా కళ్ళకి కనబడేది ఇదొక్కటే మరదలా."

నేనూ ఆయన పక్కన మెట్టు మీద కూర్చున్నాను.

"మీ అక్కా బిడ్డా ఏడాదికి తిరిగొచ్చేత్తారు. చేప తీసేత్తే నాకు తిరిగెళ్ళే చోటు లేదు. అలా లెక్కేసుకున్నాను. సిగ్గులేని లెక్కే."

"మరి ఇవాళ?"

"నిన్న ఆ లాంతరు గాజులోకి సూసినాను. మీ అక్క కూడా పక్కనే ఉంది. ఇద్దరం ఒకే పిల్లని సూత్తన్నాం. అది గాజు దాటి బయటికొచ్చేత్తాదేమో అని మీ అక్క నా చెయ్యి పట్టుకుంది." సీసాని పైకెత్తి చూశాడు. "ఆవిడకీ తెలుసనుకుంటాను."

ఇంటికొచ్చాక బియ్యం చేపల సీసాలో గంటకి కొంచెం చొప్పున తొట్టి నీళ్ళు పోశాను. కొత్త నీళ్ళు ఒక్కసారిగా మీద పడితే అవి తట్టుకోలేవు. మనుషులకీ అలాగే అలవాటు చేసే పద్ధతి ఏదైనా ఉందా అని పోస్తున్నంతసేపూ ఆలోచించాను.

చతుర్దశి, ఆదివారం

రేపే తనిఖీ.

నిన్న రాత్రి బావ తన లెక్కంతా అక్కకి చెప్పేశాడట. మధ్యాహ్నం అక్క ఒక్కతే మామ్మ గదికి బయల్దేరింది. నేను వెనకే వెళ్ళాను. నా వెనక బావ వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు.

అక్క నేరుగా అడిగింది. "మామ్మా, అల్లుడి చేపని అంతస్తువాళ్ళు తీస్తే ఏమవుతుంది?"

"వెలి" అంది మామ్మ. చాప మీద పడుకునే ఉంది. ఎండకి లేచే ఓపిక లేదు ఆవిడకి.

"పెట్టినవాడే తీసుకుంటే?"

"వాడే పోతున్నాడని."

"భార్య తీస్తే?"

మామ్మ లేచి కూర్చుంది. "భార్య తియ్యడమేంటే? ఏ భార్యా ఇంతవరకూ తియ్యలేదు."

నేను ఊరుకోలేకపోయాను. "అయితే దానికింకా ఏ అర్థమూ లేదన్నమాటే కదా మామ్మా! మొదట చేసినవాళ్ళు ఏ అర్థంతో చేస్తే అదే."

"నీ నోరు బాగా పెద్దదే" అంది మామ్మ. "పిల్లరొయ్యలు జాగ్రత్త."

అక్క పక్కున నవ్వింది. ఇన్ని రోజులకి ఇదే మొదటిసారి. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. తర్వాత గుమ్మం వైపు తిరిగి, "బయట నిలబడ్డ పెద్దమనిషీ, లోపలికి రా. ఏడాదట! ఏడాది నన్ను తూర్పు గట్టు మీద పారేసి ఇక్కడ చేపతో కబుర్లు చెప్పుకుందామనుకున్నాడు మామ్మా."

బావ లోపలికి వచ్చి తల వంచుకుని నిలబడ్డాడు. ఉప్పు పట్టిన వేళ్ళని ఒకదానితో ఒకటి గీక్కుంటున్నాడు.

మామ్మ ఆయన వైపు తిరిగింది. "కుముద తీస్తుంది. బిందె నువ్వు పట్టుకోవాలి" అంది. "గుమ్మంలో పెట్టకూడదు. కింద పెట్టకూడదు. నీ చేతుల్లోనే ఉండాలి. చేపని ఎక్కడికి పంపుతారు?"

"మా బడి తొట్టికి" అన్నాను. "దాంట్లో నత్తలే. పొద్దున దమయంతి టీచరు ఇంటికెళ్ళి అడిగాను. బావ ఎప్పుడైనా వచ్చి చూసుకోవచ్చన్నారు."

"ఆ ఎండుపుల్లల్లాంటి చేపల్ని మాత్రం వాడే వదలాలి, తన చేత్తో. చేప లేని తొట్టి ఎవరి కంటా పడకూడదు. రేపు మొదటి గ్లాసు కూడా వాడికే ఇవ్వు. ఎవరికైనా అనుమానముంటే అది చూసి తీర్చుకుంటారు." మామ్మ మళ్ళీ పడుకుంది. "తీర్చుకోనివాళ్ళుంటే నేనున్నాను. పోండి. నిద్రొస్తోంది."

అందరూ ఒప్పుకుంటారని నేను అనుకోవడం లేదు. చివరి గది వాళ్ళు బిందెని చూడగానే తలుపు వేసుకోవచ్చు. తనిఖీ ఆవిడ చూస్తుండగా పిల్లరొయ్యలు నాచులోంచి బయటికి రాకపోనూ వచ్చు. అవి ఎన్నడూ గాజు దాటి చూడలేదు. ఇప్పుడే వెళ్ళి చూసొచ్చాను. గౌరామి లాంతరు గాజు పక్కనే కదలకుండా ఉంది. అద్దం మీద నేను వేలు పెట్టాను. రాలేదు. దానికి నా వేలు కొత్త.

రేపు పంపు వేళకి చాలా ముందే లేవాలి. వలని ముందే తడిపి పెట్టాలి, పొడి వల చేప ఒంటిని గీస్తుంది. బిందెలో తొట్టి నీళ్ళే నింపాలి. గౌరామి బయటికి వచ్చాకే, బియ్యం చేపలు లోపలికి వెళ్ళాకే, లాంతరు గాజు గుడ్డ విప్పాలి. అక్క ఎక్కువసేపు నిలబడలేదు కాబట్టి తొట్టి పక్కన ముక్కాలిపీట వెయ్యాలి.

రెండు వేస్తాను. బిందె పట్టుకున్నప్పుడు బావ కాళ్ళు కూడా నిలబడవేమో.